కామేశం బయటపెట్టిన తోకలు

కొత్తరేవు పట్టణంలో ప్రతి ఇంటి గోడ మీదా ప్రభుత్వం తరఫున ఒక బల్లి ఉద్యోగం చేస్తుండేది. ఇంట్లోవాళ్లు ఏం మాట్లాడుకున్నా విని తోకలో దాచేది. మూడు నెలలకు తోక నిండేది. నిండిన తోకను స్నానాల గది తూము దగ్గర వదిలేసి, కొత్త తోక పెంచుకునే పనిలో పడేది. దోమల మందు కొట్టడానికి వచ్చే మనిషి ఆ తోకను పుల్లతో తీసి, ఇంటి నంబరు వేసిన అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్లేవాడు. నిజానికి అతను గృహ శ్రవణ శాఖ బంట్రోతు. ఆ సంగతి తెలియక జనం ఎండాకాలంలో అతనికి మజ్జిగ ఇచ్చేవారు. దోమలు తగ్గలేదేమని ఎవరూ అడగలేదు. తగ్గుతాయని మొదట్లోనూ ఎవరూ అనుకోలేదు.

ఇరవై రెండేళ్లు ఈ ఏర్పాటు చెడకుండా నడిచింది. మనిషిని పెడితే జీతం, సెలవు, పింఛను, పైగా పిల్లల పెళ్లిళ్లకు ముందస్తు అప్పు. బల్లికి ట్యూబులైటు చుట్టూ తిరిగే పురుగులే భత్యం, పటం వెనక సందే క్వార్టరు. పనిలో ఉండగా ఎవరి మీదనైనా పడితే దాన్ని వేరే ఇంటికి బదిలీ చేసేవారు. తల మీద పడితే ఒక ఫలితం, భుజం మీద పడితే ఒక ఫలితం అని పంచాంగంలో ఉంటుంది గానీ, శాఖ దృష్టిలో రెండూ ఒకే బదిలీ.

నిబంధన పదిహేడు ప్రకారం, ఏదైనా మాట స్పష్టంగా అందితే బల్లి అందినట్టు ఒకసారి పలకాలి. అది శాఖకు ఇచ్చే రసీదు. కొత్తరేవు జనం మాత్రం, మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని పూర్వం నుంచీ నమ్మేవారు. వేలికొనతో నేలనో బల్లనో మూడుసార్లు తట్టి ‘సత్యం’ అనుకునేవారు. జనం నమ్మకం పనికి అడ్డు రాదు కాబట్టి దాన్ని సరిదిద్దనవసరం లేదని శాఖ ఒక సర్క్యులర్‌లో నిర్ణయించింది. ఆ సర్క్యులర్ కూడా రహస్యమే.

యర్రా కామేశం ఆ శాఖలో రికార్డు అసిస్టెంటు. గణాంకాల ఆఫీసులో పని అని ఇంట్లో భార్య సత్యవేణికి చెప్పాడు. అధికారులు ఫలానా ఇంటి తోక కావాలంటే తీసి ఇవ్వడం, విన్నాక తిరిగి అదే అగ్గిపెట్టెలో పెట్టడం అతని పని. తోకను అరచేతిలో ఉంచి నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే అది మెలికలు తిరుగుతూ ఆ ఇంటివాళ్ల గొంతులతోనే మాట్లాడేది. అధికారులకు తోక ముట్టుకోవడం అసహ్యం. అందుకని కామేశం పట్టుకుంటే వాళ్లు వినేవారు. చెయ్యి ఇచ్చినవాడు చెవి మూసుకోవాలని అతని నియామక పత్రంలో ఉంది. పదకొండేళ్లు అతను అలాగే మూసుకున్నాడు.

బస్టాండు దగ్గర నూకరాజు అనే మనిషికి పెసరట్ల బండి ఉండేది. మున్సిపల్ చైర్మన్ తన విగ్రహాన్ని తానే ఆవిష్కరించుకున్న వారంలో, ఆ విగ్రహం ముక్కు ములక్కాడలా ఉందని నూకరాజు ఇంట్లో అన్నాడు. నెల తిరిగేసరికి బండి అనుమతి రద్దయింది. ‘తమరు స్వగృహమున చేసిన ముక్కు సంబంధిత వ్యాఖ్య దృష్ట్యా’ అని నోటీసులో ఉంది. ఆ తోకను అధికారి విన్న రోజు అది మెలికలు తిరిగింది కామేశం అరచేతిలోనే. అంతకు ముందు తొమ్మిదేళ్లు కామేశం ఆ బండి దగ్గరే టిఫిను తిన్నాడు.

రెండేళ్ల తర్వాత ఒక రోజు టీకొట్టు దగ్గర నూకరాజు కనబడ్డాడు.

“ఇంకా ఆఫీసుల సుట్టూ తిరుగుతున్నావా?” అని టీకొట్టాయన అడిగాడు.

“తిరక్కేం సేస్తానండి. కాళ్లున్నాయి కదా. మా సిట్టెమ్మకి తప్ప నేనెవరికీ సెప్పలేదండి ఆ మాట. ఉప్మా తింటా ఉండగా అన్నాను. ఇంట్లో ఇద్దరమే. గోడ మీద బల్లి తప్ప మూడో పేణం లేదు.”

కామేశం తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు.

“అంటే ఆవిడే బయట ఎవరికో అనుంటది గదండీ,” అన్నాడు నూకరాజు. “ఒట్టేసింది. ఏడిసింది. నమ్మలేదు నేను. రెండేళ్లయింది పుట్టింటికి పంపేసి.”

ఆ రోజు అన్నం దగ్గర కామేశం సత్యవేణిని అడిగాడు. “ఒకడి మాట ఒకచోట ఉండిపోయింది. దాన్ని తీసి వాడికి తిరిగిచ్చేస్తే తప్పంటావా?”

“వాడి మాట వాడికిస్తే తప్పేంటండీ. మంచి పనే.”

గోడ మీద దేవుడి పటం వెనక నుంచి బల్లి పలికింది. సత్యవేణి పీట అంచు మీద మూడుసార్లు తట్టింది. “సత్యం. చూశారా, బల్లి కూడా పలికింది. ఇంక ఆలోచించకండి.”

అది రసీదు మాత్రమేనని కామేశానికి తెలుసు. చెప్పడానికి నిబంధన ఒప్పుకోదు. పెరుగన్నం కలుపుకున్నాడు. తమ ఇంటి బల్లి తోక అప్పటికి సగం నిండింది, అది రికార్డు గదికి చేరడానికి ఇంకా ఆరు వారాలు పడుతుంది. అంటే తనకు ఆరు వారాల వ్యవధి ఉంది. ఆ లెక్క తేలాక అతనికి నిద్ర బాగానే పట్టింది.

మర్నాడు టిఫిను క్యారియరులో పచ్చడి గిన్నె ఉండే చోట ఒక అగ్గిపెట్టె రికార్డు గది నుంచి బయటికి వచ్చింది. నూకరాజు తన ములక్కాడ మాటను తన గొంతుతోనే విన్నాడు. తర్వాత తోక ఇంకొంచెం మెలిక తిరిగి, ‘ఊరుకో, ఎవరైనా వింటారు’ అన్న చిట్టెమ్మ గొంతు వినిపించింది. అతను ఆ పూటే బస్సెక్కాడు.

చిట్టెమ్మ తోక అంతా విని, “నేను రెండేళ్లు సెప్పాను. నా మాటకన్నా బల్లితోక మాట నమ్మకమైందా నీకు?” అని అడిగింది. ఆవిడ మర్నాటి బస్సుకి వచ్చింది.

ఒకరికి ఇచ్చాక మిగతావాళ్లకు ఇవ్వకపోవడం పక్షపాతం అవుతుందని కామేశానికి అనిపించింది. గుమాస్తాకు న్యాయం ముందు వరుసక్రమం రూపంలోనే కనిపిస్తుంది. రికార్డు గదిలో నాలుగు వేల రెండొందల ఇళ్ల తోకలున్నాయి. అతను సత్యవేణి తమ్ముడు పట్టాభి దగ్గరికి వెళ్లాడు. పట్టాభిది పటాల కొట్టు. దేవుళ్లకూ పెద్దలకూ చట్రాలు కట్టి ఇస్తాడు. సంగతి అంతా విని అతను చాలాసేపు గుడ్డతో ఒకే అద్దాన్ని తుడిచాడు.

“ఇరవయ్యేళ్లుగా ప్రతి పటం వెనకా అంగుళం ఖాళీ ఉంచమని మున్సిపాలిటీ వాళ్లు చెప్తే ఉంచుతున్నాను,” అన్నాడు. “ఎందుకని అడగలేదు. కొనేవాణ్ణి ఎందుకని అడిగితే వ్యాపారం చెయ్యలేం బావగారూ.”

“ఇప్పుడు తెలిసింది కదా.”

“తెలిసింది. అయినా అంగుళం అంగుళమే. మీ సంగతి చెప్తాను వినండి. ఒక ఇంటి తోక ఇచ్చారు, అది ఉపకారం. నాలుగు వేల ఇళ్లవి ఇచ్చారనుకోండి, అది నేరం. పరిమాణం మారితే సరుకు పేరు మారిపోద్ది. ఒకటి ఇచ్చారు, పుణ్యం వచ్చింది, అక్కడితో కొట్టు కట్టెయ్యండి.”

“నూకరాజు లాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో.”

“ఉంటారు. మా అక్క మాత్రం ఒక్కతే ఉంది,” అన్నాడు పట్టాభి.

కామేశం తల ఊపాడు. ఆదివారం సంత బయల్లో వార్డుకొక గంప చొప్పున ముప్ఫై ఒక్క గంపలు పెట్టాడు. ప్రతి గంపలో ఇంటి నంబర్ల వరుసన అగ్గిపెట్టెలు. పక్కన ఒక అట్ట మీద ‘ఎవరి ఇంటి తోక వారు తీసుకుని సంతకం చేయవలెను’ అని రాశాడు. సంతకాలకు పుస్తకం, దారంతో కట్టిన పెన్ను, తోకలు తడపడానికి బకెట్టుతో నీళ్లు. వెళ్లేటప్పుడు ఆఫీసు తాళాలు యథాస్థానంలో వేలాడదీశాడు.

కొత్తరేవు జనం రెండు గంటల్లో గంపలు ఖాళీ చేశారు. తోకలు పనిచేసే తీరు చూసి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. బల్లి విషయంలో ఏదో ఉందని తమకు ముందే తెలుసన్నారు. కామేశం ఊహించనిది ఒకటే జరిగింది. ఎవరూ ముందు తమ ఇంటి తోక తీసుకోలేదు. అందరూ పక్కింటిది తీసుకున్నారు. రిటైర్డు హెడ్మాస్టరు అవధాని గారు ఎదురింటిదీ, కుడి పక్కింటిదీ, వియ్యంకుడిదీ మూడు అగ్గిపెట్టెలు తీసుకుని, మూడింటికీ చక్కగా సంతకం పెట్టి, తన ఇంటిది అడగడం మర్చిపోయి వెళ్లి మళ్లీ వచ్చారు. అప్పటికి దాన్ని ఎదురింటాయన పట్టుకుపోయాడు.

సాయంత్రానికి ముప్ఫై ఆరు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. నాలుగు వార్డుల్లో కుళాయి నీళ్లు తోకల మీద చల్లడానికే సరిపోయాయి. ప్రభుత్వం మీద కోపం వచ్చినవాళ్లు లేకపోలేదు గానీ, ఆ కోపం పక్కింటి గోడ దాటి ప్రభుత్వం దాకా వెళ్లేంత తీరిక ఎవరికీ దొరకలేదు.

“వినడం గవర్నమెంటు పని, వింటది,” అంది వడ్డాది మాణిక్యాంబ. ఆవిడ వంకాయ కూర గురించి తోటికోడలు ఏమందో ఆ పూటే తెలిసింది, తోటికోడలి పులుసు గురించి ఆవిడ ఏమందో కూడా తోటికోడలికి తెలిసింది. “ఇరవై రెండేళ్లు విన్నది, ఒక్క మాట ఒక్కరికి చెప్పిందా? ఎంత పద్ధతి. ఈయనెవరండీ మధ్యలో బయటపెట్టడానికి?”

“మరి నూకరాజు బండి?” అని ఎవరో అడిగారు.

“అతను ముక్కు జోలికి ఎందుకెళ్లాలండీ?”

చిట్టెమ్మ మాత్రం కామేశం ఇంటికి వచ్చి సత్యవేణి చేతిలో పెసరట్ల పొట్లం పెట్టి, “మీ ఆయన దేవుడండి,” అంది. ఊళ్లో విన్నవాళ్లు కామేశాన్ని వీరుడన్నారు, వినబడ్డవాళ్లు నేరస్తుడన్నారు. చాలామంది ఆ రెండు వర్గాల్లోనూ ఉండటం వల్ల వాళ్ల అభిప్రాయం పూటపూటకూ మారింది.

సోమవారం పదిన్నరకు కామేశం డ్యూటీకి వచ్చి హాజరు పట్టీలో సంతకం చేశాక అరెస్టు చేశారు. సంతలో పెట్టిన సంతకాల పుస్తకమే సాక్ష్యమైంది. అంత శ్రద్ధగా ఉన్న సాక్ష్యం తన సర్వీసులో చూడలేదని ఎస్సై మెచ్చుకున్నాడు.

శాఖ దేన్నీ కాదనలేదు. బల్లులు తమవేనని, బాగా పనిచేస్తున్నాయని ప్రకటించింది. ఉద్యోగంలో చేరేటప్పుడు చేసిన రహస్య ప్రతిజ్ఞను కామేశం తప్పాడని దాని ఫిర్యాదు. నేరం రుజువైతే మూడేళ్ల జైలు, కాకపోతే ఉద్యోగంలోకి. కానీ ఊరు రెండుగా చీలి ఉంది కాబట్టి, అతను వీరుడా నేరస్తుడా అన్నది బహిరంగ విచారణలో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పట్టణ మందిరంలో విచారణ పెట్టారు. విచారణాధికారి మేడిశెట్టి ఆదిశేషు. ఆయన కుర్చీ వెనక గోడ మీద పాత నాయకుల పటాల మధ్య ఒక సీనియర్ బల్లి డ్యూటీలో ఉంది.

సత్యవేణి ముందు వరుసలో కూర్చుంది. పక్కన పట్టాభి.

ఆదిశేషు కాగితం చూసి చదివాడు. “యర్రా కామేశం, రికార్డు అసిస్టెంటు, ప్రభుత్వ రహస్యాలను అనుమతి లేకుండా పంచిపెట్టిన నేరస్తుడు.”

బల్లి పలికింది. మందిరంలో అందరూ ముందున్న బల్లల మీద మూడుసార్లు తట్టి ‘సత్యం’ అన్నారు. అలవాటు కొద్దీ కామేశం కూడా తట్టాడు. సత్యవేణి చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

సాక్షిగా నూకరాజును లేపారు. “ఈ బాబు లేకపోతే నా ఇల్లు లేదండి. నాకాడ మాట పోయింది, మా ఆవిడ పోయింది, బండి పోయింది. మొదటి రెండూ ఈయనే తెచ్చిచ్చాడు. ఇలాంటోణ్ణి వీరుడనే అంటారండి మా వేపు.”

బల్లి పలికింది. మళ్లీ అందరూ తట్టారు.

ఆదిశేషు రెండు మాటలనూ రెండు గడుల్లో రాసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ముద్దాయి చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగాడు.

కామేశం లేచాడు. బల్లి పలికినంత మాత్రాన నిజం కాదని చెబితే నేరస్తుడన్న రుజువు నిలవదు, ఇంటికి వెళ్లొచ్చు. వీరుడన్న రుజువు కూడా నిలవదు, అది పోతే పోనీ. కానీ నిబంధన పదిహేడు కూడా రహస్యమే. దాన్ని బయటపెడితే రెండో నేరం. వద్దన్నట్టు పట్టాభి కింద నుంచి అరచెయ్యి ఊపాడు. కామేశం సత్యవేణి వైపు చూశాడు. ఆరు వారాల కింద పీట మీద తట్టిన వేలు ఆవిడ ఒళ్లో ముడుచుకుని ఉంది.

“బల్లి పలకడం సత్యం కాదండి,” అన్నాడు కామేశం. “మాట అందినట్టు రసీదు. అంతే.”

పాత నాయకుడి పటం అంచు మీదికి బల్లి మెల్లగా పాకి, ఆగి, పలికింది.

అందరూ మూడుసార్లు తట్టి ‘సత్యం’ అన్నారు.

బల్లి మాట నిజం కాదన్న మాట నిజమేనని బల్లే పలికింది కాబట్టి, బల్లి మాట నిజమేనని ఆదిశేషు తీర్మానించాడు. దీని మీద అభ్యంతరం రాలేదు. వీరుడు అన్నదీ నేరస్తుడు అన్నదీ రెండూ రుజువయ్యాయి. తీర్పు కూడా రెండు భాగాలుగా వచ్చింది. నేరస్తుడిగా మూడేళ్లు, రెండో రహస్యానికి మరో ఏడాది, మొత్తం నాలుగేళ్ల జైలు. వీరుడిగా శాలువా, పట్టణ మందిరంలో నిలువెత్తు పటం. పదకొండు గంటలకు సన్మానం, పదకొండున్నరకు జైలు బండి. శాలువాతోనే ఎక్కించారు. జైలు పుస్తకంలో దాన్ని ‘ఖైదీ వెంట వచ్చిన దుప్పటి, ఒకటి’ అని రాశారు.

తర్వాత పట్టణం కుదుటపడింది. బల్లి వద్దనుకునేవాళ్లు నమూనా ఆరు నింపి, కారణం బల్లి ఎదుట గట్టిగా చదివితే తీసేస్తామని శాఖ ప్రకటించింది. ముగ్గురు దరఖాస్తు పెట్టారు. వాళ్లు అంతగా దాచుకునేది ఏముందోనని వీధివాళ్లు ఆరా తీయడం మొదలుపెట్టేసరికి ముగ్గురూ వెనక్కి తీసుకున్నారు. మిగతావాళ్లు కొత్త సౌకర్యానికి అలవాటుపడ్డారు. కుళాయి రాకపోతే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లడం మానేసి గోడ వైపు తిరిగి చెప్పేవారు. కొన్నిసార్లు నీళ్లు వచ్చేవి కూడా. నూకరాజు నలభై రోజులు పొద్దున్నే ఇంట్లో నిలబడి, చైర్మన్ గారి విగ్రహం ముక్కు చాలా తీరుగా ఉందని చెప్పాడు. నలభై ఒకటో రోజు బండి అనుమతి వచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు చిట్టెమ్మ అతనితో సైగలతోనే మాట్లాడుతోందని, సంసారం బాగుందని అందరూ అనుకున్నారు.

వీరుడి పటం తమ ఇంట్లో కూడా ఉండాలని చాలామంది అడిగారు. శాఖ వెంటనే ఒప్పుకుంది. చట్రాల పని పట్టాభికే వచ్చింది. ప్రతి కామేశం వెనకా అంగుళం ఖాళీ ఉంచాలన్నది ఒక్కటే షరతు. దేవుడి పటాల వెనకకన్నా అక్కడ గాలి బాగా ఆడుతుందని బల్లులు కొన్నాళ్లకే అక్కడికి మారాయి.

సత్యవేణి ఇంట్లో మాత్రం బల్లి లేదు. ‘మంచి పనే’ అన్న ఆవిడ మాట దాని తోకలో ఉన్నందువల్ల, సాక్ష్యం కోసం శాఖ దాన్ని వెనక్కి పిలిచింది. తెలియవలసినవన్నీ తెలిసిన ఇంటికి మళ్లీ బల్లి అనవసరమని ఫైలు మీద రాశారు. కొత్తరేవులో ఎవరూ వినని ఇల్లు అదొక్కటే. మొదటి వారం ఆవిడ ఊపిరి పీల్చుకుంది. రెండో వారం నుంచి మాట మధ్యలో ఆగి పైకి చూడటం మొదలైంది. ఏమన్నా నిజమో కాదో తేలేది కాదు. పొయ్యి మీద పాలు పొంగాయి అన్నా అనుమానంగానే ఉండేది.

“ఇంట్లో నా మాట నాకే ఉండిపోతోందిరా,” అంది పట్టాభితో.

“అదృష్టం కదే అక్కా. ఊరంతా దానికోసమే కదా కొట్టుకుంది.”

“ఊరంతా కొట్టుకున్నది పక్కింటి మాట కోసం.”

నెల తిరిగాక ఆవిడ నమూనా తొమ్మిది నింపింది. అది బల్లి కావాలనే దరఖాస్తు. కారణం గడిలో ‘మాట్లాడితే అందడం లేదు’ అని రాసింది. కొత్త బల్లికి వీరుడి పటం ఉండాలన్న నియమం కోసం పట్టాభి ఒక కామేశాన్ని తెచ్చి దేవుడి పక్కన కొట్టాడు.

జైలు ములాఖతులో కామేశం ఈ సంగతి విన్నాడు. శాలువా కప్పుకునే ఉన్నాడు, అక్కడ చలి ఎక్కువ.

“అది రసీదేనని అందరి ముందూ చెప్పాను కదా సత్యా. నాలుగో ఏడాది దాని కోసమే పడింది.”

“తెలుసండీ. ఆ రసీదే కావాలి. మంచి పనో కాదో ఎవరు తేలుస్తారు? అన్నానని ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.”

గురువారం బల్లి వచ్చింది. చిన్నది, కొత్త నియామకం. గదంతా ఒకసారి చుట్టి కామేశం పటం వెనక చేరింది. సత్యవేణి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఇంటికి వచ్చిన అధికారితో మాట్లాడుతున్నట్టు స్పష్టంగా చెప్పింది. “మా ఆయన చేసింది మంచి పనే.”

పటం వెనక నుంచి పలికింది. ఆవిడ పీట అంచు మీద మూడుసార్లు తట్టింది.

మూడు నెలలకు తోక నిండింది. దోమల మందు మనిషి వచ్చే వేళకు సత్యవేణి తూము దగ్గర దాన్ని తానే పుల్లతో తీసి, అగ్గిపెట్టెలో పెట్టి, పైన ఇంటి నంబరు వేసి సిద్ధంగా ఉంచింది. అతను వంగే శ్రమ లేకుండా గుమ్మంలోనే అందించి, రెండో చేత్తో మజ్జిగ గ్లాసు ఇచ్చింది.